కోరంగి ఉప్పుటేరుల్లో రెండు రోజుల మర పడవ ప్రయాణం: పోటు సమయం ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: గౌతమీతీరం

అందరికీ నమస్కారం. వచ్చే డిసెంబరులో ఒక శని, ఆదివారాలు కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల్లోని ఉప్పుటేరులను, వీలైతే హోప్ ఐలాండును కూడా మర పడవ మీద చూసి రావాలని మేము ఆరుగురం అనుకుంటున్నాము. మాలో డెబ్బై దాటిన మా మామగారు, ఎనిమిదేళ్ల మా అబ్బాయి ఉన్నారు. చొల్లంగి దగ్గర పడవలు పోటును (సముద్రపు నీరు ఎక్కడాన్ని) బట్టే నడుస్తాయని, నీరు చాలకపోతే గంటల తరబడి ఆపేస్తారని తెలిసినవారు చెప్పారు. అలాగైతే మా సెలవులను బట్టి కాక తిథిని బట్టి వారాంతాన్ని ఎంచుకోవడం మంచిదా? అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజులు మేలా, అష్టమి దగ్గరివి మేలా? హోప్ ఐలాండును, ఉప్పుటేరులను ఒకే రోజున చూడవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: ఉప్పుటేరు_కాకినాడ

నమస్కారమండీ. మీరు తిథి గురించి అడిగారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను, కానీ నా దృష్టిలో తిథి కంటే పోటు నిండే గంట ముఖ్యం.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం) వస్తాయి. ఒక పోటు నిండిన తరువాత మళ్లీ నిండడానికి సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి శనివారం నిండిన సమయానికి దాదాపు 50 నిమిషాలు కలిపితే ఆదివారం సమయం వస్తుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎత్తుకు వస్తుంది, పాటులో నీరు అంతే లోతుకు దిగిపోతుంది. అష్టమి దాటాక ఈ తేడా బాగా తగ్గుతుంది. కాకినాడ దగ్గర పెద్ద పోట్ల రోజుల్లో కూడా ఈ తేడా రెండు మీటర్లకు లోపే ఉంటుంది. ఖంభాత్ సింధుశాఖలో పది మీటర్లు లేచే నీటితో పోలిస్తే ఇది చాలా చిన్నదే. అయితే మన ఉప్పుటేరుల అడుగు దాదాపు చదునుగా ఉండే బురద కావడం వల్ల ఒక్క మీటరు నీరు దిగితే చాలు, పాయలో సగం వెడల్పు బయటపడిపోతుంది.

అందువల్ల నా సలహా ఏమిటంటే, పోటు సుమారు ఉదయం పది, పదకొండు గంటల మధ్య నిండే వారాంతాన్ని చూసుకుని, నీరు ఇంకా పెరుగుతూ ఉండగానే, అంటే ఎనిమిదింటికి పడవ ఎక్కండి. పెరిగే నీటిలో పడవ మెరకెక్కినా పావుగంట, అరగంట ఆగితే అదే తేలుతుంది. దిగే నీటిలో మెరకెక్కితే మాత్రం ఆ పాటు పూర్తయి, మళ్లీ పోటు వచ్చి అదే మట్టానికి చేరేవరకు అక్కడే కూర్చోవాలి. ఆ బురదలోకి దిగి నడవడం పెద్దవారికి, పిల్లలకు కాదు కదా, అలవాటు లేని ఎవరికీ సాధ్యం కాదు.

ఇంకొక లెక్క గుర్తుంచుకోండి. ఆరు గంటలు సాగే పాటులో నీరు సమానంగా దిగదు. మొదటి గంటలో మొత్తం తేడాలో పన్నెండో వంతు, రెండో గంటలో అలాంటి రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు దిగి, ఆ తరువాత మళ్లీ రెండు, ఒకటిగా తగ్గుతుంది. పోటు నిండిన తరువాత గంటసేపు నీరు కదలనట్టే కనిపిస్తుంది కనుక ఇంకా సమయం ఉందనిపిస్తుంది, కానీ మూడో గంట వచ్చేసరికి కళ్లెదుటే తరిగిపోతుంది. నిండిన గంటన్నరలోపే సన్నని పాయలు వదిలి పెద్ద ఏటిలోకి వచ్చేయాలన్నది అందుకే.

కాకినాడ రేవుకు లెక్కగట్టిన ఆటుపోట్ల సమయాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అవి సముద్రపు ఒడ్డు సమయాలు. ఉప్పుటేరు లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా నిండుతుంది, కాబట్టి ఎంత ఆలస్యమో ఆ పాయల్లో తిరిగే సరంగునే (పడవ నడిపే వ్యక్తినే) అడగాలి.

పడవలో ఉన్నప్పుడు మీరే గుర్తుపట్టే ఉపాయం కూడా ఉంది. మడ చెట్ల వేర్లను చూడండి. నీటికి పైన జానెడు మేర తడిసి నల్లగా మెరుస్తున్న పట్టీ కనిపిస్తే నీరు దిగుతోందని అర్థం. పొడిగా, బూడిద రంగులో ఉన్న వేరు నేరుగా నీటిలోకి మునుగుతూ ఉంటే పోటు ఎక్కుతోందని అర్థం.

జవాబు: తాళ్లరేవు_వాసి

పైన చెప్పినదంతా ఉప్పుటేరులకు సరిపోతుంది. హోప్ ఐలాండుకు మాత్రం అది చాలదు. అక్కడ పోటు కంటే గాలిని ముందు చూడాలి.

హోప్ ఐలాండు గోదావరి ఒండ్రు, ఇసుకలతో గత రెండు శతాబ్దాల్లో పెరిగిన పొడవాటి ఇసుక దిబ్బ. అది తూర్పున అడ్డుగా ఉండడం వల్లనే కాకినాడ అఖాతం ఓడలకు రక్షణగా ఉంది. కానీ ఆ అఖాతం ఉత్తరం వైపు తెరుచుకుని ఉంటుంది. డిసెంబరులో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. కోరంగి ఏరు, గాడేరు ఆ అఖాతంలోకే కలుస్తాయి కనుక, పాటు నీరు బయటికి పరుగెత్తే సమయంలో ఎదురుగాలి బలంగా ఉంటే మొగల (ఏరు వెళ్లి కలిసే చోట్ల) దగ్గర పొట్టిగా, నిటారుగా లేచే అలలు పుడతాయి. చిన్న పడవకు అవి చాలా ఇబ్బంది. కాబట్టి రెండు ప్రదేశాలను ఒకే రోజున కలపవద్దు. ఒక రోజు ఉప్పుటేరులకు, రెండో రోజు గాలి అనుకూలిస్తే హోప్ ఐలాండుకు కేటాయించండి, అనుకూలించకపోతే మానుకోండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర స్థితి గురించి ముందస్తు సమాచారం ఇస్తుంది. బయలుదేరే ముందు రోజు రాత్రి అది తప్పక చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలమన్న సంగతి కోరంగి వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 1839 నవంబరు ఉప్పెనలో ఓడలు కట్టిన ఈ రేవు పట్టణమే తుడిచిపెట్టుకుపోయింది.

భైరవపాలెం వైపు గౌతమి మొగ దాటి సముద్రంలోకి వెళ్దామని ఎవరైనా ఉత్సాహపరిస్తే ఒప్పుకోవద్దు. మొగలో ఇసుక తిప్పలు స్థిరంగా ఉండవు, వరద వచ్చిన ప్రతిసారీ చోటు మారుతుంటాయి.

పడవ ఎంపికలో నిర్మొహమాటంగా ఉండండి. అనుమతి ఉన్న పడవేనా, మీ ఆరుగురికీ, ముఖ్యంగా బాబుకు, ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ ఉందా అని అడగండి. పెద్దల జాకెట్ పిల్లవాడికి తొడిగితే నీటిలో అది పైకి జారిపోతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన ఘోరం తరువాత కూడా జాకెట్లను మూలన కుప్పగా పడేసి నడిపే పడవలు కనిపిస్తే నాకు కోపం ఆగదు. అలాంటి పడవ ఎక్కకండి.

జవాబు: మడతోట

చూడవలసిన వాటి గురించి కూడా నాలుగు మాటలు చెబుతాను. కోరంగి 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అందరూ పోటు వేళ కోసమే చూస్తారు గాని, పాటు వేళను వృథాగా భావించడం నాకు బాధగా ఉంటుంది. బురద బయటపడినప్పుడే నీటి పక్షులు మేతకు దిగుతాయి, నేలలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన నల్లమడ శ్వాస వేర్లు కనిపిస్తాయి, బురద మీద గెంతే చిన్న చేపలు, ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న ఎర్రని పీతలు బొరియల్లోంచి బయటికి వస్తాయి. అందుకని పోటులో పడవ మీద తిరిగి, పాటు వేళకు చొల్లంగి దగ్గర అడవిలోకి వేసిన చెక్క వంతెన మీద నెమ్మదిగా నడవండి. మీ బాబుకు పడవకంటే అదే ఎక్కువ నచ్చవచ్చు. నీటికుక్కలు, బావురుపిల్లులు ఇక్కడ ఉన్నా, ఇంజిన్ మోతకు అవి బయటికి రావు. వెడల్పైన చోట కాసేపు ఇంజిన్ ఆపమని సరంగును అడగండి.

సన్నని పాయల్లో కొమ్మలు ముఖానికి తగిలేంత దగ్గరగా ఉంటాయి. వాటిలో తిల్ల చెట్టు ఉంటుంది. దాని కొమ్మ విరిస్తే తెల్లని పాలు కారుతాయి, అవి కంట్లో పడితే చాలా ప్రమాదం. పిల్లవాడిని ఆకులు తెంపనివ్వకండి.

గౌతమీతీరం

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. శనివారం ఉప్పుటేరులు, చెక్క వంతెన, ఆదివారం గాలిని బట్టి హోప్ ఐలాండు అని నిర్ణయించుకున్నాము. మా మామగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. పడవలోకి ఎక్కడం, దిగడం ఆయనకు కష్టమవుతుందా?

జవాబు: ఉప్పుటేరు_కాకినాడ

అది కూడా పోటు మీదే ఆధారపడి ఉంటుందండీ. నీరు నిండుగా ఉన్నప్పుడు పడవ అంచు రేవు మెట్టుకు దాదాపు సమానంగా ఉంటుంది కాబట్టి చేయి పట్టుకుంటే చాలు. పాటులో పడవ బాగా కిందికి పోతుంది, కింది మెట్లు బురదతో జారుతుంటాయి. మీరు ఎనిమిదింటికి ఎక్కితే నీరు సగానికి పైగా ఉంటుంది, పన్నెండు లోపు దిగితే నిండుగానే ఉంటుంది. ఆయనను పడవ మధ్యలో కూర్చోబెట్టండి, ఊపు అక్కడ తక్కువ. హోప్ ఐలాండులో దిగేటప్పుడు మోకాలి లోతు నీటిలోకి అడుగుపెట్టవలసి రావచ్చు కనుక, ఆదివారం ఆయనను ఒడ్డునే ఉండనివ్వడం మంచిదని నా అభిప్రాయం.