నాన్న మతిమరుపుకి టీ, కూల్‌డ్రింకులు కారణమా?

నరసన్నపేట అమ్మాయి:
నాన్నకి 64 ఏళ్లు, బట్టల కొట్టు ఉంది. కొట్టు తీసింది మొదలు కట్టేసేదాకా ఆరు టీలకు తగ్గవు, అన్నింట్లో రెండేసి చెంచాల పంచదార. భోజనం అయ్యాక కూల్‌డ్రింక్. షుగర్ బోర్డర్‌లో ఉందన్నాక డైట్ కోలాకి మారారు. ఆదివారం మందు కూడా ఉంది. ఈమధ్య పాత ఖాతాదార్ల పేర్లకు తడుముకుంటున్నారు. మొన్న బాకీ కట్టేసిన మనిషినే మళ్లీ అడిగారు, ఆయన నొచ్చుకుని వెళ్లిపోయారు. తాతయ్య చివర్లో మమ్మల్నే గుర్తుపట్టలేదు, అందుకే టెన్షన్. ముందు ఏది మాన్పించాలి? అన్నీ ఒకేసారి అంటే వినరు.

రిటైర్డ్ నర్సు, విజయనగరం:
అమ్మా, ముందు బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించు. బీ12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా మతిమరుపు రావచ్చు, అదైతే మందులతో బాగుపడే అవకాశం ఉంటుంది. బీపీ కూడా చూపించు. డాక్టరుకి ఆ బాకీ సంగతి జరిగింది జరిగినట్టు చెప్పు.

టీని తిట్టకు, తంటా అంతా పంచదారతోనే. ఆరు టీలకి పన్నెండు చెంచాలు, చెంచాకి నాలుగు గ్రాములనుకున్నా 48. 300 మిల్లీలీటర్ల మామూలు కోలాలో ఇంకో ముప్పై పైచిలుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 50 గ్రాములు దాటొద్దంటుంది, 25 లోపైతే ఇంకా మంచిదంటుంది. షుగర్, బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పితే మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి.

డైట్ కోలా సంగతికొస్తే, రోజూ తాగేవాళ్లలో పక్షవాతం, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఎక్కువ కనిపించాయని 2017లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం చెప్పింది. అవే కారణమని మాత్రం తేల్చలేదు. షుగర్ భయం ఉన్నవాళ్లే వాటికి మారతారు కదా, మీ నాన్నలాగే. అయినా రోజూ అలవాటు చేయకు.

మందు విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. ఇంత తాగితే ఏమీ కాదనే మోతాదే లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఏళ్లపాటు విపరీతంగా తాగేవాళ్లకి బీ1 విటమిన్ తగ్గిపోయి జ్ఞాపకం దెబ్బతింటుంది. వార్డులో అలాంటివాళ్లని చూశాను. పొద్దున్న తిన్న ఇడ్లీ గుర్తుండదు, పెట్టలేదని గొడవపడతారు. ఎప్పటిదో పెళ్లి భోజనంలో వంటకాలు మాత్రం వరసగా చెప్తారు. మీ నాన్నది అంతదాకా వెళ్లలేదు, కానీ ఆదివారాన్ని తేలిగ్గా తీసుకోకు.

బొబ్బిలి నుంచి:
అప్పా, నాన్నతో వాదించే బదులు టీ తెచ్చే కుర్రాడితో మాట్లాడండి. మా మావయ్యకి రెండు చెంచాలు ఒకటిన్నర చేయించాం, తర్వాత ఒకటి. ఆయన గమనించినా ఏమీ అనలేదు. కూల్‌డ్రింక్ బదులు పల్చటి మజ్జిగ, ఎండాకాలం చోడి (రాగి) అంబలి. తరవాణి (పులిసిన గంజి) అంటే ఆయనకి ప్రాణం, మాన్పించలేదు గానీ బీపీ ఉందని ఉప్పు తగ్గించాం.

నరసన్నపేట అమ్మాయి:
కుర్రాడికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. పరీక్షలు ఈ వారమే చేయిస్తా. మజ్జిగైతే నాన్న తాగుతారు. అమ్మా, కొబ్బరిబోండాం రోజూ ఇవ్వొచ్చా?

రిటైర్డ్ నర్సు, విజయనగరం:
అదే రక్తంతో క్రియాటినిన్ కూడా చూపించు, కిడ్నీల పనితీరు తెలుస్తుంది. కిడ్నీలు బాగుంటే అప్పుడప్పుడు ఇవ్వు. తేడా ఉంటే మాత్రం డాక్టరుని అడక్కుండా ఇవ్వొద్దు, అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు మరీ మరీ చెప్తున్నాను. అంబలి గ్లాసుడు చాలు, బెల్లం వేయకండి.