పూత మీద కొన్నవాడు కాత మీద ఏడవకూడదా, కోత మీదా?

ప్లేనోవాసి:
నాలుగు రోజులుగా ఒక మాట నోట్లో నానుతోంది, పూర్తిగా మాత్రం రావట్లేదు. నూజివీడు దగ్గర మాకు రసాల తోట ఉండేది. అక్కడ మా తాతయ్య నోట విన్న మాట: "పూత మీద కొన్నవాడు ... మీద ఏడవకూడదు." పూత మీద కొనడమంటే, ఇంకా పూతలో ఉండగానే వ్యాపారి తోట కాపుకి బేరం కుదుర్చుకోవడం. ఆ ఖాళీలో కాతా, కోతా? "కా" అంటే ఒకలా, "కో" అంటే ఇంకోలా వినిపిస్తోంది.

ఇప్పుడెందుకంటే, ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ చూస్తుంటే (అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే తంతు, ఒక్కో ఎంపిక ఒక పిక్కు) మా వాడు (పదకొండేళ్లు, ఇక్కడే పుట్టాడు) "నాన్నా, బస్ట్‌ని తెలుగులో ఏమంటారు?" అన్నాడు. అంటే కాలేజీలో వీరుడు, కోట్లు పోసి తీసుకున్నాక చతికిలబడ్డవాడు. 1998లో ర్యాన్ లీఫ్ లాంటివాడు. మొదట పేటన్ మానింగా, ఇతనా అని అందరూ వాదించుకున్న రోజులవి. మూడో స్థానం నుంచి రెండుకి, అంటే ఒక్క మెట్టు ఎక్కడానికి శాన్ డియాగో వాళ్లు ఆ మూడో పిక్కుతో పాటు ఒక రెండో రౌండు పిక్కు, మరుసటేడాది మొదటి రౌండు పిక్కు, పైగా ఇద్దరు ఆటగాళ్లను ఇచ్చుకున్నారు. లీఫ్ తన మూడో మ్యాచ్‌లో పదిహేను పాసులు విసిరితే అందింది ఒక్కటి. 4 గజాలు. అది చెబుతుంటేనే తాతయ్య మాట తగిలింది.

ఉగాదిపచ్చడి:
కాతే. పూత, కాత జంటమాట, విడదీస్తే పాపం. కోత వరికి.

బంగినపల్లి:
మామిడికీ కోత అనే అంటారండీ. చిక్కం కట్టిన గడతో చేసేది కోత కాక మరేమిటి? పైగా కాయలు చెట్టు మీద ఉన్నంతసేపూ వ్యాపారికి ఆశ ఉంటుంది. కోసి, బండికెక్కించి, తూకం వేశాకే ఏడుపు. నా ఓటు "కో"కి.

వేమన్నవీరాభిమాని:
దీనికింత తర్జనభర్జన దేనికి? బాబుకి మేడిపండు పద్యం నేర్పండి చాలు. "మేడిపండు చూడ మేలిమై నుండు, పొట్ట విప్పి చూడ పురుగులుండు." బస్ట్ అంటే మేడిపండే.

గురులఘువు:
"నుండు" కాదు నాయనా, "యుండును". ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు పడాలి. "మేలిమై" ర గణం, సరే. "ఉండు" దగ్గర ఆపేస్తే అది హ గణం, మళ్లీ సూర్యగణమే అయి కూర్చుంటుంది. చివర "ను" పడితేనే భ గణం. బళ్లో రాగం తీస్తూ మనందరం ఆ "ను"ని మింగేశాం.

వేమన్నవీరాభిమాని:
చివరి "ను" ఒప్పుకున్నా మాష్టారూ. కానీ "నుండును" అన్నా గణం సరిపోతుందిగా? "య"యే ఎందుకు?

గురులఘువు:
"ఐ" క్త్వార్థకం, "అయి" అన్నమాట. అందుకే కళ, అంటే చివర నకారం పట్టని మాట. దాని మీద ద్రుతం, అంటే ఆ నకారం, రాదు. అచ్చు పరమైతే యడాగమమే, మధ్యలో "య" రావడమే. ఇది నా మాట కాదు, చిన్నయసూరిది.

మైపూత:
నాదో పిచ్చి ఊహ, తిట్టకండి. అక్కడున్నది "మేలిమి + ఐ" కాకపోతే? "మేలి మై" అనుకోండి. మై అంటే ఒళ్లు. మైపూత, మైమరపు, అన్నిట్లోనూ అదే మై. "మేలి మైన్ + ఉండును", అంటే చక్కని ఒంటితో ఉంటుంది. రెండో పాదంలో పొట్ట విప్పుతున్నాడుగా, మొదటి పాదంలో ఒళ్లు ఉండొద్దా? అప్పుడు నకారం దొంగచాటుగా దూరింది కాదు, హక్కుతో వచ్చింది.

డ్రాఫ్ట్‌కి కూడా ఇది అతికినట్టు సరిపోతుంది. ముందుగా కంబైన్ అని పెట్టి కుర్రాళ్లని వరసలో నిలబెట్టి కొలుస్తారు. 40 గజాల పరుగు, నిలుచున్నచోటే ఎగురుడు, 225 పౌన్లు ఎన్నిసార్లు లేపగలడు, ఆఖరికి చాచిన అరచెయ్యి వెడల్పు. చూసేదంతా మైయే. 1989లో గ్రీన్ బే వాళ్లు రెండో పిక్కుగా టోనీ మాండరిచ్‌ని తీసుకున్నారు. ఆ కండలు చూసి పత్రిక ముఖచిత్రం వేసింది. అతని వెనక మూడు, నాలుగు, అయిదు స్థానాల్లో పోయినవాళ్లు బ్యారీ సాండర్స్, డెరిక్ థామస్, డియాన్ సాండర్స్. ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. ఇతన్ని మాత్రం కొన్నేళ్లకే వదిలేశారు. ఆ ఒంటి వెనక స్టెరాయిడ్లు ఉన్నాయని 2008లో ఆయనే ఒప్పుకున్నాడు. మేలి మై, పొట్టలో పురుగు!

గురులఘువు:
ఊహ బాగుంది, పోలిక ఇంకా బాగుంది. వ్యాకరణం మాత్రం బెదిరిపోతోంది. మేలిమి అంటే మేలిమి బంగారం, అంత తేట అర్థం చేతిలో ఉండగా ఒళ్లు దాకా ఎందుకు వెళ్లడం? వేమన ఇలా "మై" వాడిన ఇంకో పద్యం చూపించండి, ఒప్పుకుంటా.

మైపూత:
బ్రౌను దొర 1829లో అచ్చు వేసేదాకా ఇవన్నీ తాటాకుల మీదా, జనం నోళ్లలోనూ తిరిగినవే కదండీ. ఏ లేఖకుడు "య" విన్నాడో, ఏ లేఖకుడు "న" విన్నాడో! బడిపిల్లలందరూ కూడబలుక్కున్నట్టు "నుండు" అనే ఎందుకంటున్నారు? నాలుకకీ ఒక జ్ఞాపకం ఉంటుంది.

ఉగాదిపచ్చడి:
అందరూ మూడో పాదం మింగేశారు. "పిరికివాని మదిని బింకమీలాగురా." పద్యం పిరికివాడి బింకం గురించి. ఆట కలిసిరానివాడు పిరికివాడా? 1995లో కిజానా కార్టర్ మొట్టమొదటి పిక్కు. ప్రీసీజన్‌లో, అంటే అసలు సీజన్‌కి ముందు ఆడేవాటిలో, మొదటి మ్యాచ్‌లో మూడోసారి బంతి పట్టి పరిగెత్తాడో లేదో, మోకాలి లిగమెంటు తెగింది. ఆ మోకాల్లో ముందునుంచీ పురుగుందా? గాలివానకి రాలిన పిందెని మేడిపండంటే కళ్లు పోతాయి.

వేమన్నవీరాభిమాని:
గాయాలు వేరండీ అక్కా. నేనన్నది మిగతావాళ్ల గురించి.

కల్లంగట్టు:
మా జగిత్యాల దిక్కు దీనికి మాట తయారుగానే ఉంది. తాలు. గింజ పాలుపోసుకునే దశలో నీళ్లు అందకపోయినా, మెడవిరుపు తెగులు తగిలినా గింజ నిండదు. నిండిన ఎన్ను బరువుకి వంగుతుంది. తాలు ఎన్ను నిటారుగా తలెత్తుకుని నిలబడుతుంది. గట్టు మీంచి చూసేవాడి కళ్లకి ముందు ఆనేది అదే. దగ్గరికిపోయి ఒక గింజ తుంచి బొటనవేలి గోటితో నొక్కితే పాలు రావు, టక్కున ఊక విరుగుతుంది. అంతే. వడ్లు తూకానికి పెట్టినప్పుడు తాలు, తప్ప అంటూ తరుగు తీస్తుంటే పక్కన నిలబడి చూసినవాళ్లకి ఈ మాటకి నిఘంటువు అక్కర్లేదు.

వర్నన్ గోల్‌స్టన్ అని 2008లో న్యూయార్క్ జెట్స్ ఆరో పిక్కు. అవతలి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) బంతి వదలకముందే పడగొట్టడానికి తెచ్చుకున్నారు, దాన్ని సాక్ అంటారు. మూడు సీజన్లు, 45 మ్యాచ్‌లు. సాక్‌లు సున్నా. ఇది మేడి కాదన్నా, తాలు.

గురులఘువు:
అమ్మా, ఇది నిజంగా బాగుంది. అయితే తాలు కన్నా "పొల్లు" ఇంకో మెట్టు పైన. పొల్లు అంటే గింజ లేని ఊక. క్, ల్, మ్ నెత్తిన మనం పెట్టేదీ పొల్లే. గింజలో బియ్యం లేదు, హల్లులో అచ్చు లేదు. రూపం ఉంది, పలకదు. ఆరో పిక్కు పొల్లుపోయాడు!

కల్లంగట్టు:
మా ఊళ్లో రెండూ ఒకటి కావు మాష్టారూ. పొల్లు తూర్పారబడితే గాలికి లేచిపోతుంది, దానితో నష్టం లేదు. తాలుకి కాస్త బరువుంటుంది, మంచి గింజల్లో కలిసి కుప్పలోనే ఉండిపోతుంది. మొదటి రౌండులో తీసుకున్నవాణ్ణి వెంటనే వదిలెయ్యలేరు కదా, రెండేళ్లు మూడేళ్లు మోస్తారు. కాబట్టి తాలే.

ఉగాదిపచ్చడి:
గాలికి పోయినవాళ్ల లెక్క కూడా వేద్దాం. 2000లో టామ్ బ్రాడీ 199వ వాడు. 2022లో బ్రాక్ పర్డీ 262, అందరికన్నా ఆఖరు. ఆ స్థానానికి "మిస్టర్ ఇర్రెలవెంట్" అని వెక్కిరింపు పేరు. ముందటేడాది అదే శాన్‌ఫ్రాన్సిస్కో మూడు మొదటి రౌండు పిక్కులు, మీద ఇంకొకటి ధారపోసి ట్రే లాన్స్‌ని తెచ్చుకుంది. లాన్స్ అక్కడ తొలినుంచీ ఆడింది నాలుగు మ్యాచ్‌లు. 2023లో ఒక నాలుగో రౌండు పిక్కుకి డల్లాస్‌కి ఇచ్చేశారు, ప్లేనోవాసి గారి పక్కకే. క్వార్టర్‌బ్యాక్ చోటు మాత్రం ఆ 262కి దక్కింది. చాట పట్టుకున్న చెయ్యే సరిగా లేకపోతే గింజనేమంటాం?

బంగినపల్లి:
అదే, మొదట్నుంచీ నేను కొట్టుకునేది. మేడి, తాలు, పొల్లు అన్నీ చెట్టునో గింజనో తప్పుపట్టే మాటలు. ప్లేనోవాసి తాతగారి మాట ఒక్కటే కొన్నవాడి గురించి. 1999లో సిన్సినాటి వాళ్ల దగ్గర మూడో పిక్కుంది. దానికి న్యూ ఆర్లీన్స్ వాళ్లు తొమ్మిది పిక్కులు ఇస్తామన్నారు. వద్దని అకీలీ స్మిత్‌ని తీసుకున్నారు. అతను తొలినుంచీ ఆడినవి 17 మ్యాచ్‌లు, టచ్‌డౌన్ పాసులు, అంటే నేరుగా పాయింట్లు తెచ్చినవి, 5. ఇందులో ఆ కుర్రాడి తప్పెంత? తొమ్మిది పిక్కులు కావాలని అతనడిగాడా, వద్దని అతనన్నాడా?

2007లో మొదటి పిక్కు జమార్కస్ రస్సెల్ సంగతీ అంతే. ఓక్లాండ్ వాళ్లు అరవై మిలియన్ల పైన రాసిచ్చి 2010లో పంపేశారు. లీగుకీ ఆటగాళ్లకీ కుదిరిన 2011 ఒప్పందంలో కొత్తవాళ్ల జీతాలకు గీత గీసేశారు. మా తోటల భాషలో చెప్పాలంటే, పూత మీద బయానా తగ్గించారు. తోట మారలేదు, వ్యాపారికి బుద్ధొచ్చింది.

మైపూత:
మేడిని వదలకండి, ఇంకొకటి చెప్పాలి. మేడికి పూత బయటికి కనపడదు. మనం కాయ అనుకునేదాని లోపలే పువ్వులుంటాయి. కందిరీగ జాతి చిన్న పురుగు ఆ సన్నటి కంతలోంచి దూరితేనే పరాగం అంటి గింజ కడుతుంది. వేమన అసహ్యించుకున్న ఆ పురుగు లేకపోతే మేడికి విత్తనమే లేదు. కాబట్టి (1) పద్యంలో పురుగు దోషం కాదు, (2) పూత మీద కొనడానికి వీల్లేని చెట్టు మేడే. తాతగారి మాటకీ మన పద్యానికీ చుట్టరికం కుదిరింది!

గురులఘువు:
చుట్టరికం కుదిరిందేమో గానీ "మై" కుదర్లేదు.

ప్లేనోవాసి:
అందరికీ దండాలు. నిన్న రాత్రి మా మేనత్తకి ఫోన్ చేశాను. ఎనభై దాటినా ఆవిడకి అన్నీ గుర్తే. "అది మీ తాత మాట కాదురా, తోట కొన్నాయన మాట" అంది. ఒక ఏడాది తేనెమంచు పురుగు కొట్టి పూతంతా మాడి నల్లగా రాలిందట. తాతయ్యకి మనసొప్పక బయానాలో సగం తిరిగి ఇవ్వబోయారట. ఆయన డబ్బు ముట్టుకోలేదట, ఆ మాట అని, మజ్జిగ తాగి వెళ్లిపోయాడట. తాతయ్య ఆ తర్వాత జీవితాంతం అదే మాట చెప్పుకున్నారు, మేం తాతయ్యదే అనుకున్నాం.

కాతా, కోతా అని అడిగితే కాసేపాగి "రెండూ కాదేమోరా, గీత అన్నాడనుకుంటా" అంది.

మా వాడు మాత్రం తాలు దగ్గరే ఆగాడు. ప్లేట్‌లో పగలని పాప్‌కార్న్ గింజల్ని కూడా తాలే అంటున్నాడు.

ఉగాదిపచ్చడి:
గీతా?! అయితే "కో" ఓడిపోయినట్టే.

బంగినపల్లి:
"కా" కూడా ఓడిందండీ.

మైపూత:
గురులఘువు గారూ, "మై" ఉన్న ఇంకో వేమన పద్యం చూపిస్తే ఒప్పుకుంటానన్నారు, గుర్తుందిగా? ఆదివారం దాకా టైమివ్వండి.