బాణామతిని నిజమని చూపించే హారర్ గేమ్ మన దగ్గర చేయొచ్చా?

కోటగుమ్మం:
హనుమకొండలో మేం నలుగురం కలిసి ఒక చిన్న హారర్ గేమ్ చేస్తున్నాం. గోడోట్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో, పాత ప్లేస్టేషన్ రోజుల గరుకు బొమ్మల స్టైల్లో. కథ 1980ల చివర్లో, ములుగు వైపు ఒక కల్పిత ఊళ్ళో జరుగుతుంది. పిల్లలకు వరసపెట్టి జ్వరాలు. ఆడేవాడు సెలవులకు అమ్మమ్మ ఇంటికి వచ్చిన మనవడు. మూడు బాటల కాడ పసుపు కుంకుమ చల్లిన నిమ్మకాయలు, సందూకలో మడతపెట్టిన బట్టలు వాటంతటవే అంటుకోవడం, అర్ధరాత్రి పెంకుల మీద రాళ్ళు పడటం, గోడల మీద ఎవరు రాశారో తెలియని గుర్తులు. చాలావరకు చిన్నప్పుడు మేం విన్న బాణామతి, అంటే చేతబడి కథల్లోవే. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె ఇదంతా చేసిందని ఆఖర్న తేలుతుంది. ఆమె ఇంట్లో దాచిన బొమ్మను కాల్చేస్తే ఆట పూర్తవుతుంది.

మాలో ఆర్ట్ చేసే అమ్మాయి ఈ ముగింపుకు బొమ్మలు వేయనంది. హారర్‌ని హారర్‌లా చూడమని మిగతా ముగ్గురం అంటున్నాం. ఇక్కడ పాత నవలలు చదివినవాళ్ళూ ఉన్నారు, చిన్న బృందాలు సొంతంగా చేసే ఇండీ గేమ్స్ ఆడేవాళ్ళూ ఉన్నారు. మీరేమంటారు?

రాత్రిబండి:
ఆపకు తమ్మీ, చెయ్యి. దయ్యం కథ మొత్తం చదివించి, ఆఖరి పేజీలో ఇదంతా ఆస్తి కోసం బాబాయి ఆడిన నాటకం అని తేలిస్తే నాకు పుస్తకం విసిరికొట్టాలనిపిస్తుంది. డ్రాక్యులా 1897 నాటిది. అందులో డాక్టర్లున్నారు, లాయర్లున్నారు, టైపురైటర్, ఫోనోగ్రాఫ్ ఉన్నాయి. అయినా రక్తం తాగేవాడు నిజంగానే ఉన్నాడు. వందేళ్ళు దాటినా ఆ పుస్తకం నిలిచిందంటే అందుకే. ఆటల్లోనూ అంతే. 2010లో వచ్చిన అమ్నీషియాలో చేతిలో ఆయుధం ఉండదు. పరిగెత్తాలి, దాక్కోవాలి, రాక్షసుడి వైపు చూస్తూ నిలబడితే మతి చెదురుతుంది. ఆ వచ్చేది ఉత్తదే అని ముందే తెలిస్తే ఏం టెన్షన్ ఉంటుంది?

ఇంకో మాట. 2014లో ఇండోనేసియా వాళ్ళు డ్రెడ్‌ఔట్ అని ఒక ఆట చేశారు. వాళ్ళ ఊళ్ళలో చెప్పుకునే దయ్యాలనే పెట్టారు, ఫోన్ కెమెరాతో వాటిని ఎదుర్కోవాలి. వాళ్ళ దయ్యాలతో వాళ్ళు చేస్తే మనం మెచ్చుకున్నాం. మన ఊరి భయం దగ్గరికి వచ్చేసరికి వెనకడుగు ఎందుకు?

పాతపుస్తకం:
ఈ గొడవ మీతో మొదలవలేదు. 1980ల మొదట్లో యండమూరి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు మా ఇంట్లో పత్రిక ముందు ఎవరు చదవాలా అని పోటీ. క్షుద్ర సాహిత్యం అని పేరుపెట్టి, జనంలో మూఢనమ్మకాలు పెంచుతున్నారని హేతువాదులు గట్టిగా విమర్శించారు. చదివించే శక్తి ఉందని ఒకరు, ఆ శక్తే ప్రమాదమని ఇంకొకరు. నేను రెండు వైపులా ఉన్నాను అప్పుడు.

నా సలహా వేరే. బాణామతి వదిలేసి గడిని, అంటే దొరల కోటలాంటి ఇంటిని పట్టుకోండి. యూరప్ హారర్ నవల 1764లో ఒక కోటలో మొదలైంది. పాత కోట, పాత పాపం, నేలమాళిగ, వంశాన్ని వెంటాడే శాపం. మన దగ్గర ఇవన్నీ ఉన్న ఇల్లు దొర గడి. వెట్టిచాకిరి చేసి చచ్చిపోయినవాళ్ళ ఉసురు తగిలిన గోడలవి. జనగామ వైపు విసునూరు, కడవెండి పేర్లు వింటేనే దొరల మీద 1946లో రైతులు చేసిన పోరాటం గుర్తొస్తుంది. అలాంటి గడిలో దయ్యం ఉందంటే ఎవరు కాదంటారు? ఆ దయ్యం వల్ల ఇవాళ బతికున్న ఏ పేదింటికీ నష్టం లేదు.

మెట్లబావి:
నేను జగిత్యాల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను. హారర్ నాకు ప్రాణం, రాత్రి డ్యూటీల్లో చదివేదే అది. కాబట్టి దయ్యాల మీద కోపంతో రాస్తున్నానని అనుకోకండి.

దయ్యానికి ఇల్లుండదు, రేషన్ కార్డుండదు. మంత్రగత్తె అని పేరుపడిన మనిషికి రెండూ ఉంటాయి. నాకు తేడా కనిపించేది ఇక్కడే. డ్రెడ్‌ఔట్‌లో దయ్యాన్ని చూసి ఆటలోంచి బయటికొచ్చిన పిల్లాడు పక్కింటి ముసలమ్మను అనుమానంగా చూడడు. మన కథ ఆడినవాడికి చూడటానికి పక్కింట్లో ఒక మనిషి ఉంటుంది. మన ఊళ్ళలో చేతబడి చేస్తున్నారని పళ్ళు పీకేసేవాళ్ళు. ఎందుకో తెలుసా? పళ్ళు లేకపోతే నోరు తిరగదు, మంత్రం సరిగ్గా పలకలేరు, దాంతో శక్తి పోతుందని. ఇది నవల్లోది కాదు, పేపర్లో జిల్లా పేజీల్లో వచ్చిందే. 2022 జనవరిలో జగిత్యాలలోనే మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ పొడిచి చంపారు. నేర గణాంకాల పుస్తకం తిరగేస్తే, హత్యకు కారణాల పట్టికలో మంత్రతంత్రాలకు విడిగా ఒక వరస కనిపిస్తుంది.

అనుమానం ఎవరి మీదికి వెళ్తుందో గమనించండి. భర్త పోయి ఒంటరిగా ఉన్న ఆమె మీదికి. పొలం గట్టు తగాదా ఉన్నవాళ్ళ మీదికి. పసరు మందు ఇచ్చే ముసలాయన మీదికి. ఊరి చివర ఒంటరి ముసలామె అని మీరు రాసుకున్న పాత్ర హారర్ పుస్తకాల నుంచి రాలేదు తమ్మీ. చంపబోయేవాళ్ళు వేసుకునే లిస్టులోంచే వచ్చింది.

రాత్రిబండి:
అక్కా, మీరు చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా కాదనను. కానీ కథ రాసేవాడికి మధ్య దారి ఉంది కదా. 1898లో హెన్రీ జేమ్స్ రాసిన ది టర్న్ ఆఫ్ ది స్క్రూలో ఆ పంతులమ్మకు కనిపించినవి దయ్యాలో, ఆమె మనసు కల్పించుకున్నవో ఇప్పటికీ వాదించుకుంటారు. మీ ఆట కూడా అలాగే వదిలేయొచ్చు. ముసలామె చేసిందో లేదో చెప్పొద్దు. హారర్‌లో అంతకంటే గొప్ప పనితనం లేదు.

మెట్లబావి:
ఇంగ్లండ్ పల్లెలో ఒక బంగళా, చనిపోయిన ఇద్దరు నౌకర్లు. వాళ్ళ విషయంలో తేల్చకుండా వదిలేసినా ఎవరి గుమ్మం ముందూ గుంపు చేరదు. ఇక్కడ సంగతి అది కాదు. ఏమో, నిజమేనేమో అనే మాట నేను వినని ఊరు లేదు. కర్ర పట్టుకున్నవాడు నిజమంటాడు, చుట్టూ నిలబడ్డ వందమంది ఏమో అంటారు. ఆ ఏమో అన్నవాళ్ళ వల్లే ఆమెను కాపాడేవాళ్ళు ఉండరు. మిగతా హారర్‌లో తేల్చకపోవడం కళే. ఈ ఒక్క విషయంలో, ఈ నేల మీద, అది గుంపు పక్షాన నిలబడటమే అవుతుంది. ఆడేవాడిని సగం దూరం వరకు అనుమానంలో ఉంచండి, ఇంకా ఎక్కువైనా ఉంచండి. ఆఖరికి మాత్రం తేల్చాలి.

లోపాలీ:
ఇప్పుడు చెప్పేదాంట్లో డివోషన్ కథ బయటపడుతుంది, ఆడబోయేవాళ్ళు ఈ పోస్టు దాటేయండి.

తైవాన్‌కు చెందిన రెడ్ క్యాండిల్ వాళ్ళు 2019లో చేసిన ఆట అది. చైనా అధ్యక్షుడి మీద ఒక వెక్కిరింత బొమ్మ దొరికిందన్న గొడవతో కొద్ది రోజులకే ఆటలు అమ్మే స్టీమ్ సైట్ నుంచి తీసేయాల్సి వచ్చింది, 2021లో తమ సొంత సైట్‌లో మళ్ళీ అమ్మకానికి పెట్టారు. 1980ల తైపేలో ఒక అపార్ట్‌మెంట్. కూతురికి జబ్బు. మనసుకు సంబంధించినది, ఆ డాక్టర్‌కు చూపించండి అంటే తండ్రి వినడు, నా కూతురికి పిచ్చా అని ఒక గురువమ్మ దగ్గరికి వెళ్తాడు. ఆమె చెప్పినట్టు పాము వేసిన సారా తొట్టిలో బిడ్డను ఏడు రోజులు ఉంచుతాడు. ఆటంతా బొమ్మలు కదులుతాయి, గోడలు మారిపోతాయి, నీడలు వెంటపడతాయి. రాత్రిబండి అన్నకు కావలసిన భయం మొత్తం ఉంది. కానీ బిడ్డను చంపింది దయ్యం కాదు, నాన్న నమ్మకం. అది తెలిసిన క్షణంలో నాకు కలిగిన భయం అంతకుముందు ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసే ఏ జంప్‌స్కేర్‌కూ కలగలేదు. దయ్యాలు లేవని తేలితే హారర్ చప్పబడుతుందన్న మాట తప్పని చెప్పడానికి నాకు ఈ ఒక్క ఆట చాలు.

పుస్తకానికీ ఆటకూ ఉన్న తేడా కూడా చూడాలి. నవల్లో మంత్రగాడిని కథానాయకుడు చంపుతాడు, మనం చదువుతాం. ఆటలో బటన్ నొక్కేది నేను. నొక్కినందుకు ఆట నన్ను మెచ్చుకుని సంగీతం వినిపిస్తుంది. కోటగుమ్మం ఇప్పుడు రాసుకున్న ముగింపులో జరిగేది అదే. ముసలామె ఇంట్లో జొరబడి తగలబెట్టడం గెలుపు.

ఆధారాలు ఏరుకోవడం హారర్ గేమ్స్‌లో పాత అలవాటు. 2012లో వచ్చిన స్లెండర్‌లో ఎనిమిది కాగితాలు ఏరుకోవడమే ఆట. ఆ అలవాటునే ఇక్కడ ఉచ్చుగా పెట్టండి. నిమ్మకాయ, కాలిన గుడ్డ, వెంట్రుకల ముడి, దొరికిన ప్రతిదీ ఆడేవాడు ఎవరికో ఒకరికి చూపిస్తాడు. రెండో రాత్రి అతను అన్న మాటే నాలుగో రాత్రి వేరేవాళ్ళ నోట పెద్దదై వినిపించాలి. చివరికి గుంపు ఆమె ఇంటికి కదిలినప్పుడు, వాళ్ళు అరిచే ప్రతి ఆరోపణా తను చేతులారా తెచ్చిచ్చిందే అని తెలియాలి.

పాతపుస్తకం:
ఇది బాగుంది. 1948లో షిర్లీ జాక్సన్ ది లాటరీ కథలో దయ్యం లేదు, మంత్రం లేదు. ఎండ కాస్తున్న పగలు, మామూలు ఊరివాళ్ళు, చేతుల్లో రాళ్ళు. ఆ కథ అచ్చయ్యాక పత్రికకు కోపంతో, అయోమయంతో ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. గడి సంగతి మాత్రం మర్చిపోవద్దు, రెండో ఆటకైనా ఉంచుకోండి.

రాత్రిబండి:
లోపాలీ చెప్పిన ఆధారాల ఆలోచనకు ఒప్పుకుంటా. ఒక్క భయం మిగిలింది. ఆఖర్న డాక్టర్ వచ్చి ఇవి దోమల వల్ల వచ్చిన జ్వరాలు అని ఉపన్యాసం ఇస్తే ఆట అక్కడే చచ్చిపోతుంది. ఊళ్ళో ఏదో ఒకటి తేలకుండా మిగలాలి. చెరువు గట్టు మీద కొరివి దయ్యం మంట కనిపిస్తే దాన్ని వివరించకండి. అది ఏ మనిషి మీదికీ వేలు చూపదు కదా అక్కా?

మెట్లబావి:
కొరివి దయ్యం ఉండనీ, నాకూ కావాలి. ఉపన్యాసం అసలే వద్దు. ఏటూరునాగారం ఏజెన్సీలో మలేరియా కొత్తది కాదు. అప్పట్లో సిబ్బంది ఇళ్ళకు వచ్చి దోమల మందు డీడీటీ కొట్టి, గోడ మీద తారీఖు, సంతకం రాసి వెళ్ళేవాళ్ళు. వేలికి సూది గుచ్చి గాజు పలక మీద రక్తం తీసుకెళ్తే ఫలితం రావడానికి రోజులు పట్టేది. మీ ఆటలో గోడల మీద గుర్తులు ఎలాగూ ఉన్నాయి. అవి ఆ తారీఖులే కావాలి. ఎవరింట్లో గుర్తు లేదో వాళ్ళు మందు కొట్టనివ్వని ఇళ్ళు, జ్వరాలు ఆ ఇళ్ళలోనే మొదలై ఉండాలి. ఎవరూ నోరు తెరిచి చెప్పొద్దు. జాగ్రత్తగా చూసినవాడికి మూడో రాత్రికే అర్థమవుతుంది, చూడనివాడు గుంపుతో పాటు నడుస్తాడు. ముసలామెను కాపాడే దారి ఒకటి ఉండాలి, కష్టంగా ఉన్నా ఫర్లేదు.

లోపాలీ:
దారి వద్దక్కా. కాపాడగలిగితే ఆడేవాడు హాయిగా నిద్రపోతాడు.

మెట్లబావి:
నిద్ర పట్టకపోతే ఎవరికి లాభం? కాపాడటం కుదురుతుందని చూసినవాడు రేపు నిజంగా అలాంటి గుంపు మధ్య నిలబడితే, ఒక్క అడుగు ముందుకు వేసే వీలుంటుంది. ఎప్పటికీ కుదరదని ఆట నేర్పితే ఇంట్లోనే కూర్చుంటాడు.

కోటగుమ్మం:
ముగింపు మారుస్తున్నాం. బొమ్మను కాల్చే సీన్ తీసేశాం, ఆర్ట్ చేసే అమ్మాయి గోడ గుర్తులు గీయడం మొదలుపెట్టింది కూడా. కాపాడే దారి గురించి మాలో ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. రెండు రకాలుగానూ చేసి ఆడించి చూస్తాం. మొదటి రెండు రాత్రుల డెమో వచ్చే నెలలో పెడతాం. అక్కా, పలక మీద రక్తం తీసే విధానం, ఆ కాగితం ఎలా ఉండేదో మీరు ఒకసారి చెప్పాలి, తప్పు గీయకూడదు. పెంకుల మీద రాయి పడే శబ్దం కోసం పాత పెంకుటిల్లు వెతుకుతున్నాం. కాజీపేట, హసన్‌పర్తి వైపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, రాత్రి పూట రికార్డ్ చేసుకోనివ్వాలి.