ఉద్యోగుల శిక్షణకు ఏది ముందు అడగాలి: డబ్బు కావాలనా, సెలవు కావాలనా?

నమస్కారం. ఉద్యోగుల శిక్షణ గురించి మా కార్మిక సంఘం తరఫున ప్రభుత్వానికి వినతిపత్రం రాస్తున్నాను. ఒక విషయం తేల్చుకోలేకపోతున్నాను, తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

చాలామంది శిక్షణ ఖాతా, అంటే కోర్సుల ఫీజు కోసం ఒక్కొక్కరి పేరిట డబ్బు జమచేసే ఖాతా, అడగమంటున్నారు. ఫ్రాన్స్‌లో ఉద్యోగి ఖాతాలో సాధారణంగా ఏటా 500 యూరోలు జమవుతాయి, 5,000 దాకా. సింగపూర్ కూడా స్కిల్స్‌ఫ్యూచర్ అనే శిక్షణ పథకం కింద 25 ఏళ్లు, ఆపై వయసున్న పౌరులకు 500 సింగపూర్ డాలర్లు ఇచ్చింది. బ్రిటన్‌లో మాత్రం 2000లో పెట్టిన ఇలాంటి ఖాతాలు మోసాల వల్ల మరుసటి ఏడాదే మూతపడ్డాయి. అదొక భయం.

కానీ మాలో లేత్ మెషిన్ మీద పనిచేసే ఒకావిడ అడిగింది చూడండి: "ఫీజు కట్టేస్తారు సరే, నేను షిఫ్ట్ దిగేసరికి క్లాసు అయిపోతుంది. ఇంట్లో పిల్లాణ్ణి ఎవరు చూస్తారు?" డబ్బు ఒక్కటే ఇస్తే ఆవిడ క్లాసు గుమ్మం కూడా తొక్కలేదు. అందుకే చదువు కోసం సెలవును హక్కు చేసిన స్వీడన్ 1974 చట్టమే నాకు సరైనదనిపిస్తోంది.

అయితే ఐదారుగురు పనిచేసే చిన్న యూనిట్‌లో ఒకరు సెలవు పెడితే ఆ పని ఎవరు చేయాలి? ఆ రోజుల జీతం యజమాని ఇవ్వాలా, ప్రభుత్వమా? ఇలాంటి ఏర్పాటును దగ్గరగా చూసినవాళ్లు ఉంటే దయచేసి వివరంగా రాయండి.