జేఎన్‌ఎల్‌పీ లింకు నొక్కితే ప్రోగ్రాం తెరుచుకోవట్లేదు, మీరేం చేశారు?

రాయగడ_మిల్లు
మాది బియ్యం మిల్లు. గుణుపురం, పర్లాకిమిడిలో గోడౌన్లు. తూకం, బిల్లింగు అంతా స్వింగ్‌లో (జావాలో కిటికీలు, బటన్లు కట్టే పద్ధతి) రాయించిన ప్రోగ్రాం. బ్రౌజర్‌లో జేఎన్‌ఎల్‌పీ (ప్రోగ్రాంని ఎక్కడి నుంచి దించి ఎలా తెరవాలో చెప్పే చిన్న ఫైలు) లింకు నొక్కితే జావాతో పాటు వచ్చే వెబ్ స్టార్ట్ తెరిచేది. సర్వర్‌లో మారిస్తే చాలు, గోడౌన్లలో తెల్లారి కొత్త వెర్షనే వచ్చేది. గుణుపురంలో కొత్త కంప్యూటర్‌కి జావా 17 వేశారు. ఇప్పుడు నొక్కితే ఏ ప్రోగ్రాంతో తెరవాలని అడుగుతోంది. రాసిన అబ్బాయి బెంగళూరు వెళ్లిపోయాడు. ధాన్యం సీజను, టెన్షన్‌గా ఉంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటు చెడకూడదు. నెట్ అంతంతమాత్రం.

బరంపురం_సీనియర్
జావా 1.4 నాటి నుంచి ఇదే పనిలో ఉన్నాను. వెబ్ స్టార్ట్‌ని 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11లోనే తీసేశారు. 17లో ఎంత వెతికినా దొరకదు. జావా 8 వేయండి, పని అయిపోతుంది.

జయపురం_సిస్టమ్స్
సీనియర్ గారూ, సగమే చెప్పారు. 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన ఒరాకిల్ జావా 8 అప్‌డేట్లు వ్యాపారానికి వాడాలంటే లైసెన్సు కొనాలి. ఓపెన్‌జేడీకే అనే ఉచిత జావా బిల్డుల్లో మామూలుగా వెబ్ స్టార్ట్ ఉండదు. వెబ్ స్టార్ట్‌కి బదులుగా పనిచేసే ఓపెన్‌వెబ్‌స్టార్ట్ వేసుకోండి, ఉచితం. పాత జేఎన్‌ఎల్‌పీ ఫైలునే చదువుతుంది, ఏ జావా కావాలో అందులో చూసుకుంటుంది. కోరాపుట్‌లో ఒకరికి అలాగే పెట్టాను, కోడ్‌లో అక్షరం ముట్టుకోలేదు.

సిరొంచ_నెట్‌సెంటర్
జావా పేరు వింటేనే ఒళ్లు మండుతుంది. మా దగ్గరికి కాంట్రాక్టర్లు టెండర్లు వేయడానికి వస్తారు. ఒక సైట్‌లో డిజిటల్ సంతకం యాప్లెట్‌తోనే (బ్రౌజర్ లోపల నడిచే చిన్న జావా ప్రోగ్రాం) పెట్టాల్సి వచ్చేది. 2015లో క్రోమ్ యాప్లెట్లను నడిపే ప్లగిన్లను పూర్తిగా ఆపేసినా ఆ సైటు వాళ్లు కదల్లేదు, పాత ఎక్స్‌ప్లోరరే వాడమన్నారు. గడువు ఐదింటికి. నాలుగున్నరకి 'అప్లికేషన్ బ్లాక్డ్' అని డబ్బా. కంట్రోల్ ప్యానెల్‌లో జావా, అందులో సెక్యూరిటీ, అక్కడ ఎడిట్ సైట్ లిస్ట్‌లో అడ్రసు చేర్చాకే కదిలింది. తిట్లు మాత్రం నాకు.

బరంపురం_సీనియర్
అది 2014 జనవరి, జావా 7 అప్‌డేట్ 51 పుణ్యం. కొన్న సర్టిఫికెట్ లేకుండా సొంత సంతకంతో ఉన్న జార్లను (జావా ప్రోగ్రాం ఫైళ్ల కట్టలు) ఆపేసింది. అందుకే సర్టిఫికెట్ కొని ఏటేటా మళ్లీ సంతకం చేయాలి.

జయపురం_సిస్టమ్స్
ఏటేటా ఎందుకండీ? సంతకం చేసేటప్పుడే టైమ్‌స్టాంప్ (ఎప్పుడు చేశారో చూపే ముద్ర) పెడితే సర్టిఫికెట్ గడువు తీరినా ఆ జార్ చెల్లుతుంది.

బరంపురం_సీనియర్
నాకు పాఠాలు చెప్పకు బాబూ. మా క్లయింటు దగ్గర టైమ్‌స్టాంప్ ఉన్నా ఆగిపోయింది.

జయపురం_సిస్టమ్స్
ఎప్పుడు? 2017 ఏప్రిల్ అప్‌డేట్ తర్వాతైతే అది ఎండీ5 (సంతకానికి వాడే పాత, బలహీనమైన పద్ధతి) గొడవ. ఎండీ5తో సంతకం చేసిన జార్‌ని అప్పటి నుంచి సంతకం లేనిదాని కిందే లెక్కేస్తుంది. గడువుకీ దానికీ సంబంధం లేదు. జార్ సంతకాన్ని పరీక్షించే జార్‌సైనర్ వెరిఫై రిపోర్టు పెట్టండి, తేలిపోతుంది.

బరంపురం_సీనియర్
క్లయింటు ఫైళ్లు బజార్లో పెట్టమంటావా? నువ్వు పుట్టకముందే జార్లు కట్టాను నేను.

పర్లాకిమిడి_పద్దులు
ఇద్దరూ ఆగండి. 2023 జూన్ నుంచి కోడ్ సైనింగ్ (ప్రోగ్రాం మీద సంతకం చేసే) తాళంచెవి హార్డ్‌వేర్ టోకెన్‌లోనో, అలాంటి భద్రమైన పరికరంలోనో ఉండాలి. మా టోకెన్ విశాఖలో ఒకాయన దగ్గరుంది. చిన్న మార్పుకీ ఆయన ఖాళీ కోసం చూడాలి.
అసలు జావా 8కి వెనక్కి వెళ్లమనే సలహానే నాకు నచ్చదు. మా బిల్లు మీద తెలుగు, ఒడియా రెండూ కావాలి. పాత జావాలో ఒత్తులు చెదిరేవి. జావా 9 నుంచి అక్షరాలు పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూస్తుంది. 11కి మారి నిర్మలా యూఐ ఫాంటు పెట్టాకే 'బియ్యం'లో యవత్తు సరిగ్గా కూర్చుంది.

దెగ్లూర్_డెవ్
ఈ రోజుల్లో స్వింగ్ ఏమిటండీ? వెబ్ అప్లికేషన్‌గా రాయించి పారేయండి.

రాయగడ_మిల్లు
కాటా నుంచి తూకం సీరియల్ పోర్టు మీదుగా వస్తుందండీ. వానకి నెట్ పోతే లారీలను రోడ్డు మీద నిలబెట్టమంటారా?

దెగ్లూర్_డెవ్
అలాగైతే జేప్యాకేజ్ అనే జావా సాధనం వాడండి. జావా 16 నుంచి పక్కాగా ఉంది. జావాతో సహా ఒకే ఇన్‌స్టాలర్, పెన్‌డ్రైవ్‌లో పంపొచ్చు.

జయపురం_సిస్టమ్స్
విండోస్ ఇన్‌స్టాలర్ విండోస్ మీదే తయారవ్వాలి, విక్స్ అనే ఇన్‌స్టాలర్ సాధనం కూడా ఉండాలి. పైగా తనంతట తాను అప్‌డేట్ అవ్వదు. ఆయనకి కావలసిందే అప్‌డేట్. ఓపెన్‌వెబ్‌స్టార్ట్‌లోనే ఉండి, లైబ్రరీలు వేరే జార్లలో పెట్టండి. మారిన జార్ ఒక్కటే దిగుతుంది, నెట్ మీద భారం పడదు.

రాయగడ_మిల్లు
గుణుపురంలో ఓపెన్‌వెబ్‌స్టార్ట్ వేశాం. లాగిన్ వచ్చింది. కాటా బటన్ నొక్కితే 'అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్'.

పర్లాకిమిడి_పద్దులు
సీరియల్ పోర్టు డీఎల్‌ఎల్ (పోర్టుతో మాట్లాడే విండోస్ ఫైలు) 32 బిట్‌ది, కొత్త జావా 64 బిట్‌ది అయ్యుంటుంది. రెండూ కలవవు. మాకూ అదే వచ్చింది, జేసీరియల్‌కామ్ అనే సీరియల్ పోర్టు లైబ్రరీకి మారాం. అది ఒకే జార్, రెండు బిట్లకీ సరిపోతుంది. కాకపోతే పోర్టు తెరిచే కోడ్ మళ్లీ రాయాలి.

బరంపురం_సీనియర్
32 బిట్ జావా 8 వేస్తే ఆ డీఎల్‌ఎల్ అలాగే నడుస్తుంది. మొదట్నుంచీ అదే చెప్తున్నాను.