ఫాంటసీ బేస్‌బాల్: మూడో రౌండ్ బ్యాటర్‌ని వదిలేయాలా, ఇంకా ఆగాలా?

న్యూజెర్సీలో మా ఆఫీసు వాళ్ల 12 జట్ల లీగ్. వారానికో ప్రత్యర్థి, 5 బ్యాటింగ్, 5 పిచింగ్ కేటగిరీలు. నాకిది రెండో సీజన్. క్రికెట్ ఫాంటసీ అలవాటు కొద్దీ ఫామ్ చూసి మార్చేయాలనిపిస్తుంది, కానీ ఇక్కడ వదిలేసినవాణ్ణి ఇంకొకరు ఎగరేసుకుపోతారు.

ఏప్రిల్ 20 నాటికి 1 గెలుపు, 2 ఓటములు. డ్రాఫ్ట్ (సీజన్ ముందు జట్టు ఎంపిక) మూడో రౌండ్‌లో తీసుకున్న అవుట్‌ఫీల్డర్ 82 సార్లు బ్యాటింగ్‌కి వచ్చి 13 హిట్లు కొట్టాడు. సగటు .171 (ఇందులో వాక్‌ల్లాంటివి లెక్కకు రావు), హోమ్ రన్ ఒక్కటే, స్టీల్స్ (బేస్ దొంగిలించడం) 2. బాబిప్ (హోమ్ రన్లు కాకుండా, మైదానంలోకి కొట్టిన బంతులు హిట్‌లయ్యే సగటు) .240. లీగ్ మొత్తం మీద అది .290 చుట్టూ ఉంటుంది కాబట్టి కొంత దురదృష్టం ఉంది, ఒప్పుకుంటాను. కానీ స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుటవడం) 25, అంటే 30 శాతం. పోయినేడు 22 శాతమే. అసలు టెన్షన్ అదే.

నాలుగు రోజులు బెంచ్‌లో కూర్చోబెట్టాను. ఆ ఒక్క హోమ్ రనూ అప్పుడే కొట్టాడు! స్టార్టింగ్ పిచర్ కోసం ఇద్దరికి ట్రేడ్ అడిగితే ఇద్దరూ కాదన్నారు. గాయపడ్డవాళ్ల స్థానాలు రెండూ నిండిపోయాయి, బెంచ్‌లో ఖాళీ లేదు.

వేవర్‌లో (ఏ జట్టులోనూ లేని ఆటగాళ్ల జాబితా) ఒక అవుట్‌ఫీల్డర్ ఉన్నాడు: సగటు .330, స్టీల్స్ 6, కానీ బాబిప్ .420, ఆడేది బ్యాటింగ్ ఆర్డర్‌లో ఎనిమిదో స్థానంలో. గడువు బుధవారం రాత్రి.

స్ట్రైకవుట్లు ఇంత పెరిగిన బ్యాటర్‌ని 82 అవకాశాలకే వదిలేసి ఇతన్ని తీసుకోవచ్చా, లేక మే నెలాఖరు దాకా ఆగాలా?