కాలిపూర్ తాబేళ్ల కోసం: విశాఖ నుంచి ఓడలో వెళ్లాలా, విమానంలోనా?

పెదవాల్తేరు నివాసి:
ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గరున్న కాలిపూర్ తీరంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే సముద్రపు తాబేళ్లను చూడటానికి, జనవరిలో నేనూ మా ఆవిడా బయలుదేరాలనుకుంటున్నాము. మన రేవు నుంచే ఓడ ఉండగా విమానం దేనికని ఆవిడ వాదన. పది రోజుల సెలవు సరిపోతుందా?

గాజువాక ప్రయాణికుడు:
రానూపోనూ ఓడే అయితే సరిపోదండి. ఒకవైపు ప్రయాణమే దాదాపు రెండున్నర రోజులు. పైగా ఓడ బయలుదేరే తేదీలు చాలా ముందుగా తెలియవు కనుక, తిరుగు ప్రయాణానికి దాన్ని నమ్ముకుంటే సెలవు అయిపోయినా మీరు అక్కడే ఉంటారు. వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోండి. మేము 2019లో బంక్ క్లాసులో వెళ్లినప్పుడు, రెండో రాత్రి ఓడ ఊగిన ఊపుకి మా అత్తగారు నిమ్మకాయ వాసన చూస్తూ మరమరాలు తప్ప మరేమీ ముట్టలేదు. రేవులో దిగగానే సామాను మోసే అతను "ఏ ఊరమ్మా మీది?" అని అచ్చం శ్రీకాకుళం యాసలో పలకరించేసరికి ఆవిడకు ప్రాణం లేచి వచ్చింది.

సాగర్‌నగర్ వాసి:
ఓడ దిగిన తరువాత ఇంకో పగలంతా ప్రయాణం ఉందన్న సంగతి చాలామంది లెక్కలో వేసుకోరు. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) నుంచి డిగ్లీపూర్ సుమారు 300 కి.మీ. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలను ఆపి, జారవా ఆదివాసులు ఉండే అడవి గుండా నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గానే వదులుతారు. దారిలో ఆగడం, ఫొటోలు తీయడం, జారవాలకు తినుబండారాలు ఇవ్వడం నిషిద్ధం. ఆ తరువాత బస్సుతో సహా పంటు ఎక్కి బారాటాంగ్ దీవి చేరాలి.

కేవలం ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసమే అయితే మా తీరం చాలు, అంత దూరం అక్కర్లేదు. కాలిపూర్‌లో వాటితో పాటు గ్రీన్, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ తాబేళ్లు కూడా గుడ్లు పెడతాయి. అయితే అవి మన టిక్కెట్టు చూసి రావు. మొదటి రెండు రాత్రులూ మాకు దోమలే దక్కాయి. మూడో రాత్రి, అటవీ సిబ్బంది ఎర్రకాగితం చుట్టిన టార్చి వెలుగులో, ఒక తాబేలు వెనక కాళ్లతో అరచేతుల్లా ఇసుక తోడి పక్కకు పోయడం చూశాము. కనుక కాలిపూర్‌లో కనీసం మూడు రాత్రులు ఉండేలా చూసుకోండి.

పెదవాల్తేరు నివాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సెలవు పద్నాలుగు రోజులకు పెంచమని దరఖాస్తు పెడుతున్నాను. ఓడలోకి మాగాయ జాడీ రానిస్తారా అని మా ఆవిడ అడగమంటోంది.

గాజువాక ప్రయాణికుడు:
మాది రానిచ్చారు. మూతకు గుడ్డ రెండు చుట్లు బిగించి కట్టమనండి.